ఉపవాసం నాటి ఇడ్లీలు

ఆ వేసవిలో మా ఇల్లు రెండు ఫలితాల కోసం ఎదురుచూసింది. ఒకటి మా అమ్మాయి షారోన్ పదో తరగతి పరీక్షలది. రెండోది మా ఆవిడ నిర్మల ఇవ్వబోయే తీర్పుది. పరీక్షల గురించి ఎవరికీ బెంగ లేదు, పిల్ల బాగానే చదువుతుంది. బెంగంతా రెండోదాని గురించే.

షారోన్‌కి బాపట్లలో వ్యవసాయ డిప్లొమా చదవాలని కోరిక. అంటే తెనాలిలో మా ఇల్లు వదిలి హాస్టల్లో ఉండాలి. వేరే పిల్లయితే బట్టలు సర్ది పంపించేసేవాళ్ళం. కానీ మా పిల్లకి ఐదో తరగతి దాటుతూనే షుగర్ జబ్బు వచ్చింది. పెద్దవాళ్ళకి వచ్చే, మాత్రతో సరిపోయే రకం కాదు. అన్నం తినే ముందల్లా ఇన్సులిన్ పొడుచుకోవాలి. ఎక్కువ పొడుచుకున్నా, పొడుచుకుని తినకపోయినా షుగర్ పడిపోతుంది, చెమటలు పోస్తాయి, ఒక్కోసారి మనిషే పడిపోతుంది. ఏడో తరగతిలో ఒకరోజు స్కూల్లో అలాగే పడిపోయింది. ఆ పొద్దున ఎంత ఇన్సులిన్ ఇవ్వాలో లెక్క చూసింది నిర్మల. లెక్క తానే తప్పానని నిశ్చయించుకుంది. అప్పట్నుంచీ పిల్లని పక్కవీధికి పంపాలన్నా ఆవిడకి గుండె దడే.

నా సంగతి అంతకంటే గొప్పగా ఏం లేదు. నిర్మల పైకి భయపడుతుంది, నేను నవ్వుతూ భయపడతాను. అంతే తేడా.

మా చర్చి సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. ఈస్టర్‌కి ముందు వచ్చే శ్రమల కాలం చివర్లో, మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం, ఓ పాతికమందిమి తెనాలిలో సైకిళ్ళెక్కి సాయంత్రానికి రేపల్లె చేరతాం. అక్కడి చర్చిలో పడుకుని శనివారం బాపట్ల వెళతాం. ఆదివారం పొద్దున బాపట్ల వాళ్ళతో కలిసి మట్టలు పట్టుకుని ఆరాధన. శనివారం మాత్రం తెల్లవారినప్పటి నుంచి కర్లపాలెంలో మధ్యాహ్న ప్రార్థన దాకా ఎవరూ ఏమీ తినరు. పెళ్ళికాక ముందు నుంచీ నేను ఏ ఏడూ మానలేదు. షారోన్‌కి జబ్బు వచ్చిన ఏడు మానేశాను. అంతే, ఇక మానేసినట్టే అయింది. నా సైకిలు వరండాలో నిలబడిపోయి, నిర్మల తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొచ్చేది.

ఆఖరి పరీక్ష రాసొచ్చిన రోజే షారోన్ అడిగింది.

"డాడీ, ఈసారి సైకిల్ యాత్రకి వెళ్దామా? ఇద్దరం."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. నిర్మల బయటికొచ్చింది.

"ఏంటి? మళ్ళీ చెప్పు."

"యాత్ర మమ్మీ. రెండు రోజులు. హాస్టల్లో నేనొక్కదాన్నే ఉండగలనో లేదో నీకు తెలియాలిగా. అందులో తెలిసిపోద్ది."

నిర్మల నా వైపు చూసింది. నేను గోడమీద క్యాలెండరు వైపు చూశాను. ఇలాంటప్పుడు మా ఇంట్లో నా పాత్ర అంతవరకే. ఆవిడ గుంటూరు డాక్టరుగారికి ఫోన్ చేసింది. ఆయన వద్దంటాడనే ధీమాతోనే చేసింది. ఆయన కాస్తా "సైకిలేగా, తొక్కనివ్వండమ్మా. ఆ రెండు రోజులూ ఇన్సులిన్ తగ్గించండి, దారిలో చూసుకుంటూ తింటూ వెళ్ళమనండి" అన్నాడు.

ఫోన్ పెట్టేసి నిర్మల తన షరతు చెప్పింది.

"సరే, వెళ్ళి రండి. ఏ తేడా లేకుండా వస్తే హాస్టల్ మాట మాట్లాడదాం. ఒక్క తేడా వచ్చిందో, ఇక్కడే కాలేజీ, ఇంటి దగ్గర్నుంచే రాకపోకలు. తర్వాత ఏడ్చినా నేను వినను."

షారోన్ తన షరతు నాకు విడిగా చెప్పింది. "శనివారం అందరూ ఉపవాసం ఉంటారు. నేనొక్కదాన్నే తింటుంటే అందరూ నన్నే చూస్తారు డాడీ. నువ్వు కూడా నాతో తింటావా?"

"తింటానమ్మా. అదెంత పని!" అన్నాను.

నిజంగానే అదెంత పని అనుకున్నాను.

పొద్దున్నే కాలవ గట్టు వెంట ఇద్దరం తొక్కడం మొదలుపెట్టాం. మొదటి వారం నేను రొప్పుతుంటే అది ముందు వెళ్ళి, తూము మీద కూర్చుని నాకోసం చూసేది. "రా డాడీ, వచ్చేశావు" అనేది, నడక నేర్చుకునే పిల్లాడితో అన్నట్టు. నాకు ఒళ్ళు మండేది, నవ్వూ వచ్చేది. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో నిర్మల. "ఎంత ఉంది?" అన్నదే ఆవిడ మొదటి ప్రశ్న. షారోన్ షుగర్ చూసే మిషన్ చూపించేది. నాకెంత ఉందో ఎవరూ అడగలేదు.

శుక్రవారం పొద్దున చర్చి ముందు సైకిళ్ళన్నీ చేరాయి. జార్జి నన్ను చూసి పెద్దగా నవ్వాడు. వరసకి బావ, ఎవర్నీ వదలడు.

"ఎవరూ, కిషోర్ బావేనా! నీ సైకిల్ని పాత ఇనుముకి వేశావని చెప్పుకున్నామే!"

నడిపించే పెద్దమనిషి తోమాసు మాస్టారు. రిటైరై చాలాకాలమైనా సైకిలెక్కితే ఆయన వీపు చూస్తూ తొక్కాల్సిందే. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఇద్దరిద్దరు జోడీగా వెళ్ళాలి, ఒకళ్ళనొకళ్ళు కనిపెట్టుకోవాలి. అయితే ఇంటివాళ్ళు ఇంటివాళ్ళతో జోడీ కట్టకూడదు.

"కడితే దారంతా ఇంటి గొడవలే" అంటాడాయన. "షారోనమ్మా, నువ్వు ఫిన్నీతో ముందుండు. ఒరేయ్ కిషోరూ, నువ్వు జార్జితో వెనక రా."

"మాస్టారూ, పాప సంగతి మీకు తెలుసు కదండీ..."

"నాకు తెలుసు. దానికి నీకంటే బాగా తెలుసు. వెనక్కి పద."

ఫిన్నీ డిగ్రీ చదువుతున్న పిల్ల, సరదా మనిషి. వాళ్ళిద్దరూ కబుర్లాడుకుంటూ ముందు సాగిపోయారు. నేను రోజంతా మెడ సాచుకుని తొక్కాను. వేమూరు దాటాం, భట్టిప్రోలు దాటాం. రోడ్డు పక్కన మినుము నూర్పిళ్ళు, దుమ్ము, కాలవలో ఈదుతున్న గేదెలు, ఏవీ నేను సరిగ్గా చూడలేదు. నాకు కనిపించిందల్లా దూరంగా ఒక నీలం చున్నీ. అది ఆగినప్పుడల్లా నా గుండె ఆగేది. అది ఆగి, వేలు పొడుచుకుని, మిషన్ చూసుకుని, ఏదో నమిలి, మళ్ళీ ఎక్కేది. ఊరూరికీ నిర్మల ఫోన్. భట్టిప్రోలులో షారోన్ కాస్త గట్టిగానే అంది: "మమ్మీ, నువ్వు చేసినప్పుడల్లా పాతిక సైకిళ్ళు ఆగాల్సి వస్తోంది." ఆ తర్వాత ఫోన్లు నాకు రావడం మొదలైంది.

సాయంత్రం రేపల్లె చేరేసరికి పిల్ల ముఖం ఎర్రగా కమిలి ఉంది కానీ కళ్ళు వెలిగిపోతున్నాయి. దాన్ని అలా చూసి ఎన్నాళ్ళయిందోననిపించింది.

తప్పు మర్నాడు పొద్దున జరిగింది. చేసింది నేను.

ప్రార్థన అయ్యాక అందరూ సైకిళ్ళు తుడుచుకుంటున్నారు. రేపల్లె పాస్టరు అయ్యగారి భార్య షారోన్ కోసమని ఇడ్లీలు వేసి రెండు పళ్ళేలు తెచ్చి వరండాలో పెట్టింది. రెండోది నాది. షారోన్ కూర్చుని, ఇన్సులిన్ తీసుకుని, నాకోసం చూస్తోంది. నేను వెళ్ళి పళ్ళెం దగ్గరికి లాక్కున్నాను. పల్లీ చట్నీ, మీద కారప్పొడి.

"ఏంటి బావా!" జార్జి గొంతు. "ఇన్నేళ్ళకి యాత్రకొచ్చి ఇడ్లీలు లాగిస్తున్నావా? పిల్ల వంక పెట్టుకుని నువ్వు తినేస్తున్నావే!"

నలుగురు నవ్వారు. వాడి మాటలో విషమేం లేదు, వాడి నోరే అంత. కానీ నా చెయ్యి పళ్ళెం మీంచి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

"ఛ, నాకెందుకురా? పాపకి తోడు కూర్చున్నాను. నాదీ ఉపవాసమే" అన్నాను.

షారోన్ ఒక్కసారి తలెత్తి చూసి, తల దించుకుని తినడం మొదలుపెట్టింది. నాలుగు ఇడ్లీలూ, ఒక్కొక్క ముక్కే, ఆ నవ్వుతున్న వాళ్ళ మధ్య కూర్చుని తినేసింది. లేచి పళ్ళెం కడిగి అయ్యగారి భార్యకి ఇచ్చి, "చాలా బాగున్నాయండీ" అని సైకిలు దగ్గరికి వెళ్ళిపోయింది. నాతో మాట్లాడలేదు. నాకు సిగ్గేసింది. సిగ్గుపడ్డ మనిషి బుద్ధి తెచ్చుకోవాలి కదా, నేను ఇంకో అడుగు ముందుకేశాను. అన్న మాట నిలబెట్టుకోవాలని నీళ్ళు కూడా ముట్టలేదు. జార్జి రెండుసార్లు సీసా ఇవ్వబోతే వద్దన్నాను.

చెరుకుపల్లి దాటాక ఎండ ముదిరింది. రోడ్డు వారనంతా మొక్కజొన్న గింజలు ఆరబోశారు. సగం రోడ్డు పసుపచ్చగా ఉంది. కాసేపటికి రోడ్డంతా పసుపచ్చగా కనిపించింది. ఇంకాసేపటికి జార్జి ఏదో అంటున్నాడు కానీ వినిపించడం లేదు. హ్యాండిలు ఎటు తిరిగిందో తెలీదు, నేను వెళ్ళి గింజల్లో పడ్డాను.

"ఓరి నాయనో! నా గింజలన్నీ మట్టిపాలు చేశాడే!" అంటూ కాపలా ఉన్న ముసలమ్మ లేచింది. నా ముఖం చూసి గొంతు మార్చి, "అయ్యో, ఏమైందయ్యా, ఇంత పాలిపోయావు!" అంది.

పడ్డవాణ్ణి పడ్డట్టే ఉన్నాను. దెబ్బలేం తగల్లేదు. నాకు గుర్తొచ్చింది నిర్మల షరతు. ఒక్క తేడా అంది. అది నా తేడానో, పిల్ల తేడానో చెప్పలేదు.

కేకలు విని ముందువాళ్ళంతా వెనక్కి తిరిగారు. షారోన్ అందరికంటే ముందొచ్చింది. కానీ నా దగ్గరికి రాలేదు. కాస్త దూరంలో సైకిలు ఆపి, నన్నొకసారి చూసి, తూము మీద కూర్చుంది, అటు తిరిగి, తల వంచుకుని. ఇంకా కోపం పోలేదు దానికి అనుకున్నాను. పొద్దున చేసిన దానికి నాకు తగిన శాస్తే అని కూడా అనుకున్నాను. ఆ కాసేపూ నాకు చాలా పొడుగ్గా అనిపించింది.

తర్వాత లేచి గబగబా వచ్చింది.

"లేవకు. పడుకో. జార్జి మామయ్యా, డాడీ కాళ్ళ కింద ఆ బ్యాగు పెట్టు."

"ఏం లేదమ్మా, టైరు జారింది" అన్నాను.

"టైరు జారితే చెమటలెందుకు పడతాయి? పొద్దున్నుంచి నీళ్ళెన్ని తాగావు?"

జార్జి చెప్పేశాడు. "తాగలేదమ్మా. నేనిస్తే వద్దన్నాడు."

"నీళ్ళు తాగొచ్చుగా! ఉపవాసానికి నీళ్ళు తాగొచ్చని తాతయ్యే చెప్పారుగా!"

"చెప్పానమ్మా" అన్నాడు తోమాసు మాస్టారు. "మీ నాన్న అయిదేళ్ళ బాకీ ఉపవాసం ఒక్కపూటలో తీర్చేద్దామనుకున్నాడు."

షారోన్ నవ్వలేదు. మిషన్‌కి కొత్త సూది వేసి నా వేలు పట్టుకుంది. టక్కుమంది. "అబ్బా!" అన్నాను. ఇన్నేళ్ళలో ఆ సూది నా వేలికి తగలడం అదే మొదటిసారి. ఈ పిల్ల రోజుకి ఎన్నిసార్లు ఈ పని చేసుకుంటుందో నాకు తెలుసు. అది ఎప్పుడూ అబ్బా అనలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికే అనుకుని జార్జి నా భుజం తట్టాడు.

"అరవై ఆరు. నీకు మరీ భయపడాల్సిందేం కాదు. ఎండా, నీళ్ళు లేకపోవడం కలిసి కళ్ళు తిరిగాయి. ఇది తాగు, కొంచెం కొంచెం" అంటూ గ్లూకోజు కలిపిన సీసా నోటికి అందించింది. తర్వాత బ్యాగులోంచి పల్లీ చిక్కీ తీసి ఇచ్చింది.

పాతికమందీ చుట్టూ నిలబడి ఉన్నారు. అందరివీ ఖాళీ కడుపులే. "కర్లపాలెం ఎంత దూరమమ్మా, అక్కడ తింటాలే" అన్నాను.

అది నా చెవి దగ్గరికి వంగింది. ఎవరికీ వినపడకుండా మాట్లాడింది.

"సెవెంత్‌లో నేనెందుకు పడిపోయానో తెలుసా డాడీ? మమ్మీ లెక్క తప్పలేదు. ఇంటర్వెల్లో తినమని బాక్సు పెట్టింది. అందరూ చూస్తున్నారని తినలేదు. గోడవతల పారబోశా."

"మరి ఎందుకు చెప్పలేదే?"

"తిడతారని. తర్వాత మమ్మీ తనే తప్పు చేశానని ఏడుస్తుంటే ఇంకా భయమేసింది. ఇప్పుడు నువ్వు తిను. చూస్తే చూడనీ."

తిన్నాను. పళ్ళకింద పల్లీలు నలుగుతున్న చప్పుడు నాకే పెద్దగా వినిపించింది. ముసలమ్మ మాత్రం, "తిను నాయనా తిను, నువ్వు లేస్తే నా గింజలు ఎత్తుకుంటా" అంది. దాంతో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. జార్జి నవ్వలేదు. తల గోక్కుంటూ, "నా నోరు ఊరుకోదు బావా" అన్నాడు. అదే వాడి క్షమాపణ. అందరం కలిసి ముసలమ్మకి గింజలు ఎత్తిపెట్టాం.

బయల్దేరే ముందు తోమాసు మాస్టారు మెత్తబడ్డాడు. "షారోనమ్మా, ఇక్కణ్ణించి కావాలంటే మీ నాన్నతో జోడీగా రా. ఈ ఒక్కసారికి పర్వాలేదు."

"వద్దు తాతయ్యా, నేను ఫిన్నీ అక్కతోనే వెళ్తా" అంది షారోన్, చున్నీ బిగించి కట్టుకుంటూ. "డాడీకి ఎప్పుడెప్పుడు నీళ్ళివ్వాలో జార్జి మామయ్యకి చెప్పాను."

ఆ నీలం చున్నీ మళ్ళీ ముందుకి వెళ్ళిపోయింది. ఈసారి మెడ సాచలేదు నేను. కాలవలు చూశాను, తాటిచెట్లు చూశాను. సైకిల్ తొక్కడం ఎంత బాగుంటుందో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆదివారం పొద్దున నిర్మల రైల్లో బాపట్ల వచ్చింది. ఆరాధన అయ్యాక ముగ్గురం చర్చి మెట్ల మీద కూర్చున్నాం. మొక్కజొన్న సంగతి ఇప్పుడే ఎందుకు, నెమ్మదిగా చెబుదామని నేను షారోన్‌కి కళ్ళతో సైగ చేశాను. అది నా సైగ చూసి, మొత్తం చెప్పేసింది. ఇడ్లీలు, ఉపవాసం, గింజలు, చివరికి ఏడో తరగతి బాక్సు కూడా.

నిర్మల చేతిలో మట్ట ఉంది. దాని ఆకులు ఒక్కొక్కటే చీలుస్తూ వింది.

"బాక్సుతో సహా పారేశావా?" అంది చివరికి.

"సహా" అంది షారోన్.

"ఆ బాక్సు కోసం మీ స్కూలంతా వెతికాను. ఆయాల్ని కూడా అనుమానించాను." నిర్మల మట్టని పక్కన పెట్టింది. "నేను తప్పు లెక్క వేయలేదన్నమాట."

"లేదు మమ్మీ. సారీ."

నిర్మల కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవడం అయ్యాక టీచరు గొంతు వచ్చింది ఆవిడకి. ప్రైమరీ స్కూల్లో చెబుతుంది, ఆ గొంతు వస్తే నేను కూడా చేతులు కట్టుకుంటాను.

"సరే. డాడీ పడిపోయాడని కేక వినిపించింది. నువ్వు గబగబా తొక్కుకుంటూ వచ్చావు. వచ్చాక ముందు ఏం చేశావు?"

"నాది చూసుకున్నా."

"ఏంటి?"

"నా షుగర్. తూము మీద కూర్చుని చూసుకుని, ఒక బిస్కెట్ తిని, అప్పుడు డాడీ దగ్గరికెళ్ళా. కంగారులో తొక్కానుగా. నేను కూడా పడిపోతే డాడీని ఎవరు చూస్తారు?"

కోపంతో అటు తిరిగి కూర్చుందనుకున్నానే, అది చేసిన పని అదన్నమాట. కన్నతండ్రి గింజల్లో పడి ఉంటే కూతురు బిస్కెట్ తింటూ కూర్చుందని ఒక్క క్షణం చివుక్కుమంది. మరుక్షణం నాకు ఊపిరి పూర్తిగా అందింది. ఎన్నేళ్ళ నుంచో సగం సగమే పీలుస్తున్నానని అప్పుడే తెలిసింది. ఇక ఈ పిల్ల ఎక్కడున్నా పర్వాలేదు.

నిర్మల నా వైపు చూసింది. నేను ఈసారి క్యాలెండరు కోసం వెతకలేదు. ఆవిడ లేచి చీర దులుపుకుంది.

"ఈ ఊళ్ళో పరుపులు ఎక్కడ అమ్ముతారు?" అంది.

నాకు అర్థం కాలేదు. షారోన్‌కి అయింది. చర్చి మెట్లమీద, అందరూ చూస్తుండగా, వాళ్ళమ్మని పట్టుకుని ఎగిరింది.

పరీక్షా పాసైంది, సీటూ వచ్చింది. జూన్ చివర్లో దాన్ని హాస్టల్లో దింపాం. నిర్మల వార్డెనుతో అరగంట మాట్లాడింది, గదిలో పిల్లలతో ఇంకో అరగంట. షారోన్ గేటు దాకా వచ్చి, "ఇంక వెళ్ళండి, రైలు పోద్ది" అని మమ్మల్ని తరిమినంత పని చేసింది. బాపట్లలో ప్యాసింజరు ఎక్కాం. కిటికీ పక్కన నిర్మల. ఏడుస్తుందేమోనని చేతిరుమాలు తీసి పట్టుకున్నాను. బండి కదిలిన కాసేపటికి ఆవిడ తల నా భుజం మీద వాలింది. నిద్ర.

ఈ అయిదేళ్ళలో ఏ ఒక్క రాత్రీ ఆవిడ తెల్లవార్లూ పడుకోలేదు. అలారం పెట్టుకుని లేచి, నిద్రలో ఉన్న పిల్ల వేలు పట్టుకుని చూసి, మళ్ళీ పడుకునేది. నేను లేస్తానన్నా వినేది కాదు. అలాంటి మనిషి నోరు కాస్త తెరిచి, నా చొక్కా తడిసేలా నిద్రపోతోంది. పొన్నూరు వెళ్ళింది, తెలీలేదు. పల్లీలవాడు చెవి దగ్గర అరిచాడు, తెలీలేదు. తెనాలి వచ్చింది. ప్లాట్‌ఫారం కనిపిస్తోంది. జనం దిగుతున్నారు. నేను కదల్లేదు. బండి కదిలింది.

దుగ్గిరాలలో ఎవరో ఇనుప పెట్టె దబ్బున దించితే ఉలిక్కిపడి లేచింది.

"ఏ ఊరండీ ఇది?"

"దుగ్గిరాల."

"దుగ్గిరాలా! తెనాలిలో లేపొద్దూ మీరు?"

హడావుడిగా సంచీ పట్టుకుని దిగాం. బండి వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద మేమిద్దరమే మిగిలాం. తిడుతుందని నిలబడ్డాను. నిర్మల బెంచీ మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది.

"వెనక్కి బండి ఎప్పుడుందో కనుక్కొస్తా" అన్నాను.

"తొందరేముంది? ఇంట్లో ఎవరున్నారు మన కోసం?" అంది. "కూర్చోండి. ఇంకాసేపు పడుకుంటాను."

నేను కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుంది.